గ్రీసులో సముద్రతీర సెలవు: నాలుగు మజిలీలు వద్దు, నాక్సోస్ ఒక్కటి చాలు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. హైదరాబాదు నుంచి మీ దంపతులిద్దరూ, ఆరేళ్ల, పదకొండేళ్ల పిల్లలూ, మోకాళ్ల నొప్పులున్న శాకాహారి అయిన మీ అత్తగారూ కలిసి తొమ్మిది రాత్రులకు గ్రీసు వెళ్లాలనుకుంటున్నారు. పిల్లలు ఇసుకలో, నీళ్లలో తనివితీరా ఆడుకోవడమే ప్రధానమని రాశారు. ప్రణాళికలో మాత్రం మైకొనోస్‌లో రెండు రాత్రులు, శాంటోరినిలో మూడు, క్రీట్‌లో రెండు, ఏథెన్స్‌లో రెండు వేసుకున్నారు. మే చివరి వారమా, ఆగస్టు రెండో వారమా అన్నది ఇంకా తేల్చుకోలేదు. నాది విశాఖపట్నం. ఓడల్లో ఇంజనీరుగా తిరిగి, గత పదకొండేళ్లుగా ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో ఒక నౌకా నిర్వహణ కార్యాలయంలో పనిచేస్తున్నాను. దాదాపు ప్రతి వేసవిలోనూ మా పిల్లలతో, రెండుసార్లు మా అమ్మతో కూడా ఈ దీవులకు వెళ్లాను కాబట్టి కాస్త చనువు తీసుకుని చెబుతున్నాను: ఏథెన్స్ ఉంచుకుని, మిగిలిన మూడు పేర్లూ కొట్టేసి, వాటి స్థానంలో నాక్సోస్ అని ఒక్క దీవి పేరు రాసుకోండి.

ముందుగా మీ పది పగళ్ల లెక్క చూద్దాం. రావడానికి ఒకటి, పోవడానికి ఒకటి విమానాలకే పోతాయి. ఏథెన్స్ నుంచి మైకొనోస్, అక్కడి నుంచి శాంటోరిని, తర్వాత క్రీట్, మళ్లీ ఏథెన్స్ అని నాలుగుసార్లు మకాం మార్చాలి. ఓడ ప్రయాణం రెండు మూడు గంటలే కదా అని టికెట్లమ్మే వెబ్‌సైటు చూసి అనుకుంటాం గానీ, పొద్దున పది, పదకొండు గంటలకు గది ఖాళీ చేయడం, సామానుతో రేవులో కూర్చోవడం, ఓడ ఆలస్యం, అవతల దీవిలో మధ్యాహ్నం మూడు దాకా గది చేతికి రాకపోవడం, ఇవన్నీ కలిసి ఒక్కో మార్పుకు ఒక పగటిని మింగేస్తాయి. మిగిలేవి నాలుగు రోజులు, అందులో ఒకటి ఏథెన్స్‌కు పోగా సముద్రానికి మూడు. ఆ మూడు కూడా మూడు వేర్వేరు దీవుల్లో ఒక్కొక్కటిగా చెల్లాచెదురుగా ఉంటాయి. ఆరేళ్ల పిల్లవాడికి ఒక తీరం అలవాటు కావడానికే ఒక రోజు పడుతుంది. రెండో రోజు వాడు ఇసుకలో గుంతలు తవ్వి ఆడుకునే తన చోటు ఎక్కడో చూసుకుంటాడు.

ఆ మూడు దీవుల్లో ఏదీ చెడ్డది కాదు. అయితే మీరు అడిగిన పనికి అవి సరిపోవు. అందరూ ఫొటోల్లో చూసే శాంటోరిని ఒక అగ్నిపర్వతం పేలి మధ్యభాగం కూలిపోగా మిగిలిన అంచు. తెల్లటి ఇళ్ల ఫిరా, ఓయా ఊళ్లు సముద్రానికి ఎంతో ఎత్తున కొండ అంచున ఉంటాయి. ఆ బాల్కనీ కింద నీలంగా కనిపించే నీటి పక్కన ఇసుక ఉండదు. స్నానాల తీరాలు దీవికి అవతలి వైపున కమారి, పెరిస్సాల దగ్గర ఉన్నాయి. అక్కడిది నల్లటి ఇసుక, గులకరాళ్లు; మధ్యాహ్నానికి పాదం పెట్టలేనంతగా కాలుతుంది, నీటిలో నాలుగడుగులు వేసేసరికి లోతు వచ్చేస్తుంది. పైగా ఎటు వెళ్లినా మెట్లే, మీ అత్తగారి మోకాళ్లకు అది శిక్ష. మైకొనోస్‌లో మంచి తీరాలున్నాయి, కానీ అక్కడి ధరలూ, పగలు నుంచే మొదలయ్యే సంగీతమూ కుటుంబాల కోసం ఉద్దేశించినవి కావు. క్రీట్ అయితే అడ్డంగా 260 కిలోమీటర్ల పొడవున్న దీవి. ఎలాఫోనిసి, బాలోస్ లాంటి పేరున్న తీరాలకు వెళ్లిరావడానికే ఒక్కోదానికి ఒక రోజు పడుతుంది కాబట్టి, రెండు రాత్రుల కోసం అక్కడ దిగడం కంటే దిగకపోవడమే మేలు.

ఇక కాలం సంగతి. అసలు చిక్కు ఇక్కడే ఉంది గనుక కొంచెం విస్తరిస్తాను. గ్రీసుకూ తుర్కియేకూ మధ్యనున్న ఏజియన్ సముద్రంలో వేసవిలో ఉత్తర దిక్కు నుంచి వీచే గాలిని మెల్తెమి అంటారు. బాల్కన్ ప్రాంతం మీద అధిక పీడనం, మన ఆసియా వైపు రుతుపవన ద్రోణితో ముడిపడి తుర్కియే మీదుగా ఏర్పడే అల్పపీడనం, ఈ రెండింటి మధ్య తేడా వల్ల అది పుడుతుంది. అంటే మన ఊళ్లో వాన కురిపించే వ్యవస్థకూ, ఇక్కడ గొడుగులు ఎగరగొట్టే గాలికీ చుట్టరికం ఉందన్నమాట. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, మబ్బు తునక కూడా కనిపించదు, అయినా గాలి మూడు నాలుగు రోజులు ఆగకుండా కొడుతుంది. జులై, ఆగస్టు నెలల్లో దీని ఉధృతి ఎక్కువ, నాక్సోస్, మైకొనోస్, శాంటోరిని ఉన్న సైక్లడీస్ దీవుల గుంపు సరిగ్గా దాని దారిలో ఉంది. దీనికి తోడు ఆగస్టు 15 మరియమాత పండుగ. మన సంక్రాంతికి హైదరాబాదు ఎలా ఖాళీ అవుతుందో ఆ వారం ఏథెన్స్ అలా ఖాళీ అయి, ఆ జనమంతా ఓడలెక్కి దీవులకు వస్తారు. గదుల అద్దెలు జూన్ మొదట్లో ఉన్నదానికి రెట్టింపు దాకా పోతాయి, నచ్చిన ఓడలో చోటు దొరకదు.

కాబట్టి మే చివరి వారంలో బయలుదేరి, జూన్ 12 ప్రాంతంలో బడులు తెరిచేలోపు తిరిగి రావడమే నా సలహా. అయితే దాని లోటు కూడా దాచకుండా చెప్పాలి: నీళ్లు చల్లగా ఉంటాయి. విశాఖ తీరంలో ఆ రోజుల్లో నీరు 29, 30 డిగ్రీలుంటే, నాక్సోస్ దగ్గర 20, 21 డిగ్రీలుంటుంది. మొదటిసారి నడుము దాకా దిగినప్పుడు ఊపిరి బిగుసుకుంటుంది, ఐదు నిమిషాలకు అలవాటవుతుంది. పిల్లలు పెదవులు నీలం తిరిగేదాకా బయటికి రారు కాబట్టి పొడవు చేతుల ఈత చొక్కాలు కొనండి. అవి ఎండకూ పనికొస్తాయి. వెచ్చటి నీరే ముఖ్యమనుకుంటే సెప్టెంబరు అన్నిటికంటే మంచి నెల, వేసవంతా కాగిన సముద్రం 24 డిగ్రీల దగ్గర నిలిచి ఉంటుంది, గాలి నెమ్మదిస్తుంది. కానీ మీకు అప్పుడు బడి సెలవులు లేవు. మే, జూన్ తేదీలు ఖాయం చేసుకునేటప్పుడు ఒక్కటి చూసుకోండి: గ్రీకుల ఈస్టరు ఆదివారం నుంచి 50 రోజులకు వచ్చే సోమవారం వారికి సెలవు. ఆ శని, ఆది, సోమవారాల్లో ఓడలు నిండిపోతాయి.

నాక్సోస్ సైక్లడీస్‌లో అన్నిటికంటే పెద్ద దీవి, విస్తీర్ణం సుమారు 430 చదరపు కిలోమీటర్లు. పశ్చిమ, నైరుతి తీరం పొడవునా ఇసుక తీరాలు ఒకదాని తర్వాత ఒకటి గొలుసులా ఉంటాయి. రేవున్న ఊరు హోరా. ఆ ఊరి దక్షిణపు చివర ఆయియోస్ యోర్గోస్ తీరం, అక్కడి నుంచి ఐదారు కిలోమీటర్లలో ఆయియోస్ ప్రొకోపియోస్, దాని పక్కనే ఆయియా అన్నా, ఆ తర్వాత నాలుగు కిలోమీటర్ల పొడవున ప్లాకా, ఇంకా కిందికి వెళ్తే మిక్రి వీగ్లా, కస్త్రాకి, అలీకో వస్తాయి. చూడ్డానికి అందమైనది ప్రొకోపియోసే. అక్కడి ఇసుక రవ్వంత గరుకుగా, బంగారు రంగులో ఉండి ఒంటికి అంటుకోదు, నీరు అద్దంలా ఉంటుంది, కానీ లోతు త్వరగా పెరుగుతుంది. మీ ఇంట్లో ఈత వచ్చినవారు ఒక్కరే అని రాశారు కాబట్టి మీ బస ఆయియోస్ యోర్గోస్‌లో పెట్టుకోండి. అక్కడ లోపలికి చాలా దూరం నడిచినా నీరు నడుము దాటదు. మొదటిసారి మా అమ్మ అక్కడ చీర కుచ్చిళ్లు ఎగదోసి మోకాలి లోతులో నిలబడి, పది నిమిషాలు చూసి, "అల వచ్చి లాగదేమిట్రా?" అని అడిగింది. రామకృష్ణా బీచ్‌లో కాళ్ల కింద ఇసుక జారిపోవడం చూసిన మనిషి అడగవలసిన ప్రశ్నే అది. ఇక్కడ ఆటుపోట్ల తేడా ఒక అడుగు కూడా ఉండదు, మహాసముద్రపు కెరటం ఇంత దూరం రాదు. గోదావరి, గంగ వంటి నదులు కలిసే బంగాళాఖాతం కంటే ఏజియన్‌లో ఉప్పు బాగా ఎక్కువ కాబట్టి ఒళ్లు కూడా తేలిగ్గా తేలుతుంది. కాసేపటికి ఆవిడ ఆ నీళ్లలోనే కూర్చుండిపోయింది, లేపడానికి ఇద్దరం కావలసి వచ్చింది.

ఈ నెమ్మదిని చూసి మోసపోకూడని సందర్భం ఒకటుంది. గాలి ఉత్తరం నుంచి వీచే రోజున పశ్చిమ తీరంలో కొన్నిచోట్ల ఒడ్డు దగ్గర నీరు నున్నగా, ఆడుకోవడానికి పిలుస్తున్నట్టు ఉంటుంది. గాలి ఒడ్డు మీది నుంచి సముద్రంలోకి పోవడమే దానికి కారణం. అలాంటి రోజున గాలి నింపిన బాతు, పరుపు, ట్యూబు మీద పిల్లవాణ్ని వదిలితే అది తెరచాప అయిపోతుంది, మనిషి ఈది అందుకోలేనంత వేగంగా లోపలికి వెళ్తుంది. ఓడల్లో పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఆ బొమ్మలు కొనకండి. ఒంటికి బిగించి కట్టే లైఫ్ జాకెట్లు ఇంటి దగ్గరే కొని తెచ్చుకోండి. ప్రాణరక్షకులు అన్ని తీరాల్లోనూ ఉండరు. ఆపద వస్తే ఫోను చేయవలసిన నంబరు 112. రాళ్లున్న చోట సముద్రపు ముళ్లకాయలు, అంటే నల్లటి ముళ్ల బంతుల్లాంటి జీవులు ఉంటాయి కాబట్టి అందరికీ రబ్బరు అడుగున్న నీటి చెప్పులు అవసరం. మరో చిన్న సంగతి, పెద్దవారు వెంట ఉన్నారు కాబట్టి ముందే తెలియడం మంచిది: ప్లాకా తీరపు దక్షిణ భాగంలో కొందరు బట్టల్లేకుండా ఎండ కాచుకుంటారు. ఉత్తర భాగంలో, ఊరి దగ్గరి తీరంలో ఆ ఇబ్బంది లేదు. మీ అత్తగారు చీరలో వచ్చినా, పంజాబీ డ్రెస్సులో దిగినా ఎవరూ తలతిప్పి చూడరు.

పడకకుర్చీలూ గొడుగులూ అద్దెకు తీసుకోవడం తప్పనిసరి కాదు. గ్రీసులో సముద్రతీరం ప్రజల ఆస్తి, ఎవరైనా తువ్వాలు పరుచుకుని కూర్చోవచ్చు. 2023 వేసవిలో పక్కనే ఉన్న పారోస్ దీవి ప్రజలు, వ్యాపారులు కుర్చీలతో తీరమంతా ఆక్రమించుకున్నారని తువ్వాళ్లు పట్టుకుని నిరసన తెలిపారు, ఆ మరుసటి ఏడు ప్రభుత్వం నిబంధనలను బిగించింది. అయినా వృద్ధురాలు ఉన్నారు గనుక రోజుకు ఒక జత కుర్చీలు, ఒక గొడుగు తీసుకోండి. కొన్ని తీరాల్లో వెనుకనే ఉన్న తవెర్నాలో, అంటే చిన్న భోజనశాలలో, భోజనం చేసేవారికి వాటిని ఉచితంగా ఇస్తారు.

హైదరాబాదు నుంచి దోహా, దుబాయ్, అబుదాబిల మీదుగా ఒకే మార్పుతో ఏథెన్స్ చేరవచ్చు. మొదటి రాత్రి ఏథెన్స్ నగరం మధ్యలో కాక పిరేయస్‌లోనే పడుకోండి. విమానాశ్రయం నుంచి మెట్రో నేరుగా రేవు దాకా వస్తుంది. మర్నాడు ఉదయం ఏడున్నర ప్రాంతంలో బయలుదేరే పెద్ద ఓడ ఐదు గంటలకు కాస్త అటూఇటూగా నాక్సోస్ చేరుస్తుంది. వేగపు పడవలు గంటా గంటన్నర ముందే చేరతాయి, కానీ వాటిలో బయటి డెక్కు మీద తిరిగే వీలు తక్కువ, కుదుపు ఎక్కువ, ఖరీదూ ఎక్కువ. పైగా గాలి పెరిగితే ముందుగా ఆగిపోయేవి అవే. పెద్ద ఓడలో అయిదేళ్ల లోపు పిల్లలకు టికెట్టు ఉచితం, పదేళ్ల లోపు వారికి సగం.

ఓడ ఎక్కే తీరు తెలియక మనవాళ్లు తడబడతారు కాబట్టి చెబుతాను. వెనుక వైపు పెద్ద ఇనుప తలుపు నేల మీదికి దిగుతుంది, లారీలూ కార్లూ మనుషులూ అందరూ దాని మీదుగానే లోపలికి వెళ్తారు. లోపలికి అడుగుపెట్టగానే గోడ వెంట సామాను అరలుంటాయి, ఒక్కో అర మీద ఒక్కో దీవి పేరు రాసి ఉంటుంది. నాక్సోస్ అని రాసిన అరలో పెట్టెలు పెట్టి, పాసుపోర్టులు, మందులు, డబ్బు చేతిలో ఉంచుకుని పైకి వెళ్లండి. పారోస్‌లో ఓడ ఆగి కదిలిన తర్వాత దాదాపు ముప్పావు గంటకు నాక్సోస్ వస్తుంది. మైకులో పేరు వినపడగానే కిందికి దిగి పెట్టెల దగ్గర నిలబడాలి. ఆ గ్యారేజీలో డీజిలు వాసన, కాళ్ల కింద ఇంజను అదురు, అంతా చీకటి. అంతలో గొలుసులు గరగరమంటూ తలుపు తెరుచుకుంటుంది, ఒక్కసారిగా తెల్లటి వెలుగు, ఎడమ చేతి వైపు చిన్న గుట్ట మీద ఒంటరిగా ఒక చలువరాతి ద్వారం కనిపిస్తుంది. క్రీస్తుపూర్వం 530 ప్రాంతంలో అపోలో దేవాలయానికని మొదలుపెట్టి పూర్తిచేయకుండా వదిలేసిన గుడి తాలూకు ద్వారమది, పోర్తారా అంటారు. దాన్ని చూస్తూ నిలబడకండి, ఓడ అక్కడ ఆగేది కొద్ది నిమిషాలే. సాయంత్రం ఊళ్లోంచి నడిచివెళ్లి తీరిగ్గా చూడవచ్చు.

తిరుగు ప్రయాణంలో మాత్రం నేను చేసిన తప్పు చేయకండి. నాలుగేళ్ల క్రితం ఆగస్టులో, మధ్యాహ్నం ఓడలో పిరేయస్ చేరి అదే రాత్రి ఇండియా విమానం ఎక్కేలా టికెట్లు కొన్నాను. పొద్దున లేచేసరికి కిటికీ తలుపులు కొట్టుకుంటున్నాయి, గది యజమానురాలు కాఫీ ఇస్తూ చేత్తో ఓడ లేదన్నట్టు సైగ చేసింది. గాలి బలాన్ని కొలిచే బ్యూఫోర్ట్ కొలమానంలో అది 8 దగ్గరికి చేరితే, అంటే గంటకు 60 కిలోమీటర్లు దాటితే, రేవు అధికారులు సాధారణంగా ఓడలను బయలుదేరనివ్వరు. ఓడ కంపెనీ టికెట్టు డబ్బు తిరిగి ఇస్తుంది లేదా తర్వాతి ఓడలో చోటిస్తుంది. తప్పిపోయిన విమానానికి మాత్రం ఎవరూ బాధ్యులు కారు. నలుగురికి కొత్త విమాన టికెట్లు కొన్నాక అర్థమైంది, ఏథెన్స్ చూడటం ప్రయాణం మొదట్లో కాదు, చివర్లో పెట్టుకోవాలని. మీకు కూడా పిరేయస్‌లో ఒక రాత్రి, నాక్సోస్‌లో ఆరు, చివర ఏథెన్స్‌లో రెండు అని లెక్క సరిపోతుంది. ఓడ ఒక రోజు ఆలస్యమైనా పోయేది ఏథెన్స్‌లోని పురాతన గుళ్ల కొండ అక్రోపోలిస్ ముందు ఒక సాయంత్రం, విమానం కాదు.

శాకాహారం గురించి మీరు పడుతున్న బెంగ నిజానికి అక్కర్లేనిది. గ్రీకు సనాతన క్రైస్తవులకు ఏడాదిలో ఎన్నో ఉపవాస దినాలున్నాయి, ఆ రోజుల్లో మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. అందుకని ఇళ్లలోనూ తవెర్నాల్లోనూ నూనె, కూరగాయలు, పప్పులతోనే వండే వంటకాలు పుష్కలంగా ఉన్నాయి. ఫావా అడగండి, అది పసుపుపచ్చటి పప్పును మెత్తగా ఉడికించి ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసి ఇచ్చేది, మన ముద్దపప్పుకు అక్కచెల్లెలు. టమాటా రసంలో ఉడికిన బెండకాయలను బామియెస్ అంటారు, పెద్ద చిక్కుడు గింజల కూరను యీగంతెస్ అంటారు, వేసవిలో దొరికే వ్లీటా అచ్చంగా తోటకూరే, ఉడికించి నిమ్మరసం పిండి ఇస్తారు. అన్నం కూరిన టమాటాలు, క్యాప్సికంలు, అంటే యెమిస్తా, కొన్నిచోట్ల ఖీమాతో చేస్తారు కాబట్టి "హోరిస్ క్రేయాస్" అని, అంటే మాంసం లేకుండా అని, అడిగి తెలుసుకోవాలి. నాక్సోస్ బంగాళాదుంపలకు గ్రీసు అంతటా పేరుంది, పిల్లలు వేపుడు ముక్కలతో బతికేస్తారు. మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు, రాత్రి తొమ్మిది తర్వాత తినే ఊరది. మీ అత్తగారికి ఏడున్నరకే భోజనం కావాలి కాబట్టి చిన్న వంటగది ఉన్న గది తీసుకుని, బియ్యం అక్కడే కొనుక్కుని, చింతపండు, కారం, పచ్చడి మాత్రం పెట్టెలో వేసుకురండి. పెరుగు గట్టిగా, కమ్మగా ఉంటుంది. నీళ్లు కలిపితే మజ్జిగన్నానికి లోటు లేదు.

వీసా షెంగెన్‌ది, అంటే ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చేది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందు అన్న నిబంధన ఉన్నా వేసవి రద్దీలో రెండు మూడు నెలల ముందే చేయాలి. పెద్దవారికి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45, అంటే మీ ఐదుగురికి 360 యూరోలు, దరఖాస్తు కేంద్రం రుసుము అదనం. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అద్దెకు తోడు గది స్థాయిని బట్టి రాత్రికి 2 నుంచి 15 యూరోల దాకా వాతావరణ రుసుమును బసలోనే విడిగా కట్టించుకుంటారు, చూసి కంగారు పడకండి. మరుగుదొడ్డిలో కాగితం వేయకూడదు, పక్కన పెట్టిన బుట్టలోనే వేయాలి, పైపులు సన్నవి.

కారు ఆరు రోజులూ అక్కర్లేదు. ఊరి నుంచి ప్రొకోపియోస్, ఆయియా అన్నా, ప్లాకాలకు బస్సులు తిరుగుతూనే ఉంటాయి. ఒక్క రోజు మాత్రం కారు తీసుకుని కొండల్లోకి వెళ్లండి. దానికి మీ ఆర్టీఓ కార్యాలయం నుంచి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకోవాలి. సాంగ్రి దగ్గర పొలాల మధ్య ఉన్న పంటల దేవత దెమెతెర్ దేవాలయం, హల్కి ఊరు, చలువరాతి వీధుల అపీరాంథోస్, చివరికి అపోలోనాస్ దగ్గర పాతరాతిగనిలో చెక్కుతూ చెక్కుతూ వదిలేసిన పదిన్నర మీటర్ల పొడవున్న విగ్రహం, ఇవన్నీ ఒకే దారిలో వస్తాయి. దారి మలుపులు ఎక్కువ, పిల్లలకు వాంతులు అవుతాయనుకుంటే అపీరాంథోస్ నుంచే వెనక్కి తిరగండి.

ఇంత చెప్పినా, శాంటోరిని చూడకుండా గ్రీసు వెళ్లొచ్చామంటే ఇంట్లో ఒప్పుకోరని మీరు రాసిన మాట నాకు గుర్తుంది. అలాగైతే నాక్సోస్‌లో నాలుగు రాత్రులు ఉండి, ఓడలో రెండు గంటల దూరంలో ఉన్న శాంటోరినిలో రెండు రాత్రులు ఉండండి. గది ఓయాలో కాకుండా చదునుగా ఉండే కమారిలో తీసుకోండి. అక్కడి నుంచి ఏథెన్స్‌కు ఓడలో కాక విమానంలో రండి, ముప్పావు గంట ప్రయాణం. ఓయాకు సూర్యాస్తమయం వేళ కాకుండా పొద్దున ఎనిమిదింటికి వెళ్తే మీ అత్తగారికి కూర్చోవడానికి గోడ అంచున చోటు దొరుకుతుంది.